నర్సయ్య మామ పట్టని శ్రుతి

మొన్న హైదరాబాదులో గడ్డం గీయించుకుంటుంటే సెలూన్ ఆయన చెంపకు పటిక రుద్దాడు. ఆ చల్లటి మంట తగలగానే పానగల్ నర్సయ్య మామ గుర్తొచ్చాడు. ఎదురుగా అద్దంలో నా ముఖం నేనే చూడలేకపోయాను. ఎన్నేళ్లయినా ఈ సిగ్గు తగ్గదేమో.

మా వైపు క్షౌరం చేసే కుటుంబాల్లోనే సన్నాయి కూడా ఉంటుంది. నర్సయ్య మామ మామూలు రోజుల్లో సెలూన్ నడిపేవాడు, ముహూర్తాలప్పుడు పెళ్లిళ్లకు వాయించేవాడు. పన్నెండేళ్లప్పుడు ఒక పెళ్లిలో ఆయన వాయించిన కల్యాణి రాగం విని, అన్నం కూడా తినకుండా మేళం పక్కనే కూర్చుండిపోయాను. ఆయన దగ్గర సన్నాయి నేర్చుకుంటానంటే, హెడ్మాస్టరైన మా నాయన మొదట గొణిగినా, చివరికి సరేనన్నాడు. ఇంట్లో అందరూ ఆయన్ను "ఏం నర్సయ్యా" అనే పిలిచేవారు. నేను మాత్రం మామా అనేవాణ్ణి, అది కూడా నలుగురిలో ఉన్నప్పుడు కాస్త మెల్లగా.

మొదటి ఏడాదంతా ఆయన నన్ను ఒక్క రాగం కూడా వాయించనివ్వలేదు. పక్కన కూర్చుని శ్రుతి పట్టడమే నా పని. ఒకటే స్వరం, గంటలకొద్దీ, దవడలు పడిపోయేదాకా. విసుగొచ్చి ఒకరోజు, శ్రుతిపెట్టె కొనుక్కుంటే ఈ బాధ ఉండదు కదా అన్నాను. ఆయన కత్తి నూరడం ఆపాడు.

"డబ్బాకు చెవులుంటయా బిడ్డా? ఊదంగ ఊదంగ సన్నాయి కాగుతది, స్వరం జరంత పైకి పోతది. పక్కన మనిషుంటె ఎంబడే పోతడు. డబ్బా ఆడ్నే నిలవడ్తది."

నాకు పంతొమ్మిదేళ్లు వచ్చాక యూరప్‌లో జరిగే ఒక పోటీకి ఎంపికయ్యాను. యువ శాస్త్రీయ సంగీతకారుల కోసం పెట్టిన పోటీ అది. ఎన్నో దేశాల్లో టీవీల్లో ప్రత్యక్షంగా చూపిస్తారు. వెంట ఒక సహవాద్యకారుణ్ణి తెచ్చుకోవచ్చని, అతని ఖర్చులు కూడా వాళ్లే భరిస్తారని ఉత్తరంలో రాశారు. ఆ సంగతి నేను చెప్పకముందే మామ అన్నాడు.

"నేనొస్త బిడ్డా. నువ్వు ఊదు, నీ పక్కన నేను శ్రుతి పడ్త."

మేళంలో పెద్దవాడు చిన్నవాడికి శ్రుతి పట్టడం నేనెక్కడా చూడలేదు, వినలేదు. అది ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. తెలిసి కూడా నా కళ్లకు కనిపించింది ఆయన చొక్కా మీది తెగిన వెంట్రుకలు, గుట్కాకు గారపట్టిన పళ్లు. కెమెరా ముందు ఈయనేం పని చేస్తాడని అడిగితే ఏం చెప్పాలన్న బెంగ పట్టుకుంది. సిగ్గేసింది. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. అక్కడి రూల్స్ ప్రకారం ఎవరినీ తేనివ్వరు మామా, పెట్టెతోనే వాయించాలట అని చెప్పేశాను. అప్పటికే ఆయన నల్లగొండ పోయి పాస్‌పోర్టు ఫోటో దిగి వచ్చాడు. "అట్లనా" అని మాత్రం అన్నాడు.

పోటీలో నాకన్నా ముందు ఆర్మేనియా అమ్మాయి వాయించింది. ఆమెది కూడా మన సన్నాయికి దగ్గరి వాద్యమే. పక్కన ఆమె గురువు, ముడతలు పడ్డ ముసలాయన, బుగ్గలు పూరించి ఒకే స్వరం పట్టాడు. ఆమె పాట అయిపోయేదాకా ఆయన కళ్లు ఆమె మీదే ఉన్నాయి. కెమెరా ఆయన ముఖాన్ని ఎంతసేపు చూపించిందో! పానగల్‌లో టీవీ ముందు మామ కూర్చుని ఉంటాడని అప్పుడు తట్టింది నాకు. తర్వాత నా వంతు. చల్లటి హాలులో పెట్టెకు సరిగ్గా కలిపిన సన్నాయి పది నిమిషాలకు కాగింది, స్వరం పైకి జరిగింది. పెట్టె జరగలేదు. స్వరాన్ని కిందికి గుంజడానికి పెదవులతో ఎన్ని తంటాలు పడ్డానో! ఆ పూట నా అపస్వరం ప్రపంచమంతా విన్నది.

తిరిగొచ్చాక వెళ్లి మామ ఎదురుగా నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. అక్కడ చలి ఎక్కువనా, తిండి పడిందా అని అడిగాడు. ఆ ముసలాయన ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంకో నాలుగేళ్లు బతికాడు. ఆయన దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఇవాళ నిజం చెప్పేద్దామనుకుని, చాయ్ తాగి తిరిగొచ్చేవాణ్ణి.

ఆయన పోయిన పదకొండో రోజున మామ భార్య రాములమ్మ అత్త చెప్పింది. పోటీ నాడు మామ సెలూన్ నిండా జనాన్ని పిలిచాడట. ఆ ముసలాయన్ని చూసి, మరి నీ శిష్యుని పక్కన నువ్వెందుకు లేవని అందరూ అడిగారట.

"'రమ్మని మస్తు బతిమిలాడిండు, నాకే ఇమానమెక్కాలంటె భయం' అన్నడు మీ మామ. గాయినకు భయమేంది అయ్యా? ఫోటో గిట్ల దిగొచ్చిన మనిషాయె."

అత్త తెలిసే అన్నదో, తెలియక అన్నదో. అబద్ధం ఆడింది నేను. దాన్ని నలుగురిలో మోసింది ఆయన.

పోయిన నెల నా శిష్యురాలికి మహబూబ్‌నగర్‌లో పోటీ ఉంటే, నేనే పక్కన కూర్చుని శ్రుతి పట్టాను. కాస్తయినా బరువు తగ్గుతుందేమోనన్న ఆశ. ఆమె గెలిచింది. నిర్వాహకులు నన్ను వేదిక మీదికి పిలిచి, ఇంత వినయం గల గురువును చూడలేదని శాలువా కప్పారు. ఇదెవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పడానికి మైకు చేతికిచ్చారు. నర్సయ్య మామ పేరు చెప్పాను, ఊరు చెప్పాను, సెలూన్ కూడా చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. ఆయన్ను అబద్ధమాడి ఆపేశానన్న మాట మాత్రం మళ్లీ గొంతులోనే ఉండిపోయింది. శాలువా మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.