తెలుగు మీడియంకు పిల్లలు కావాలి

ఏటా వేసవి సెలవుల్లో అడ్మిషన్ ఫారాలు చంకలో పెట్టుకుని కామాటిపురాలో, గదికో కుటుంబం ఉండే చాళ్ల మెట్లెక్కడం నా ఉద్యోగంలో భాగం. మా మునిసిపల్ బడిలో ఇంగ్లిష్ విభాగానికి పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. నేను తెలుగు విభాగం టీచరును గనక వెళ్లి అడుక్కోవాలి. అడుక్కోవడమే. మర్యాద కోసం ఇంకో మాట వెతకను.

ఈసారి ఒకటో తరగతికి పదిమంది చేరకపోతే తెలుగు విభాగం ఎత్తేస్తామని ఆఫీసువాళ్లు ముందే చెప్పారు. మా అమ్మా, నేనూ చదువుకున్న గదులవి. ఏడుపు రావాలి, కనీసం కోపమైనా రావాలి. ఏదీ రాలేదు. నీళ్ల సీసా నింపుకుని బయల్దేరాను.

మొదటి చాల్లో నేను తెలుగులో అడిగితే ఒకతను హిందీలో జవాబిచ్చాడు. అతని తాత మేస్త్రీ, జీవితమంతా తెలుగు తప్ప మాట్లాడలేదు. పై అంతస్తులో ఇంకొకడు, తెలుగెందుకు టీచర్, ఏడాదికోసారి దాదర్లో ఉగాది ఫంక్షన్‌కా, అని నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేయను. ఎక్కడో చలిదేశపు దీవిలో పుట్టిన భాష ఇంగ్లిష్. మా ముత్తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరికి రాళ్లు మోసేనాటికే ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంది. దొరలు పోయారు, కుర్చీ ఉండిపోయింది. ఇప్పుడు ప్రపంచమంతా దానిదే. అలాంటిదాని మీదికి చేతిలో నాలుగు ఫారాలతో పోతున్నాను.

మా అమ్మ స్నేహితురాలు ఒకామె అదే చాల్లో ఉంటుంది. మనవరాలికి ఆరేళ్లు. నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. సొంత భాషలో అక్షరాలు నేర్చిన పిల్లకు ఏ చదువైనా తేలికగా వస్తుందని, నేను అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నది.

"నువ్వు జెప్పేది బరాబరే బిడ్డా. మరి నీ బిడ్డ ఏ బడికి వోతుంది?"

అబద్ధం చెప్పడానికి లేదు. మేముండేది పక్క చాల్లోనే. మా అమ్మాయి టై కట్టుకుని మెట్లు దిగడం రోజూ చూస్తూనే ఉంటుంది. ఇంగ్లిష్ మీడియం అన్నాను. ఆమె నా సాసరులో ఇంకో రెండు బిస్కెట్లు పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ వేసవి మొత్తానికి నాకు దొరికింది ఒకే ఒక్క ఫారం. మహబూబ్‌నగర్ నుంచి కొత్తగా వచ్చి నాగ్‌పాడాలో కట్టే బిల్డింగులో పనిచేస్తున్న ఒక కూలీ, తన కూతుర్ని చేర్పించాడు. ఆ పిల్లకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. బడి తెరిచాక మూడు వారాల పాటు ఖాళీ బెంచీల మధ్య ఆమె ఒక్కతే కూర్చుంది, నేను ఆ ఒక్కదానికే పాఠం చెప్పాను. అమ్మ, ఆవు దాటి చిన్న మాటలు తనే కూడబలుక్కుని చదివింది. ఆ మూడు వారాలూ నాకు సంతోషంగానే ఉండేది, ఒప్పుకుంటాను.

ఆ తర్వాత ఉత్తర్వు వచ్చింది. తెలుగు విభాగాన్ని మూసేస్తున్నామని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. ఇంకే భాషలో రాస్తారు?

పిల్ల తండ్రికి నేనే చెప్పాలి. సాయంత్రం వాళ్లుండే ఒంటిగది ఖోలీకి నడుస్తూ దారంతా క్షమాపణ సిద్ధం చేసుకున్నాను. నన్ను నమ్మి పిల్లను పంపాడు, ఇప్పుడది ఇంగ్లిష్ తరగతిలో ఏమీ అర్థంకాక మూగదానిలా కూర్చోవాలి. మోచేతుల దాకా సిమెంటుతో అతను అప్పుడే పని నుంచి వచ్చాడు. నేను చెప్పింది విన్నాడు. ముఖం విప్పారింది.

"మాకు గీ ఇంగ్లిషే గావాల్నని మొదాల్నుంచి ఉండె టీచరమ్మా," అన్నాడు. "నువ్వు ఎండల మెట్లెక్కి ఇంటిదాంక వస్తివి. కాదంటే నీ మనసు నొస్తదని సంతకం జేసిన."

లోపలి నుంచి అతని భార్య చక్కెర తెచ్చి నా చేతిలో పోసింది. మంచిదయ్యా అన్నాను. చక్కెర నోట్లో వేసుకున్నాను.

మర్నాడు బడిలో ఆ పిల్ల ఫారం కొత్తగా నింపాను. మీడియం అన్న గడి దగ్గర ఇంగ్లిష్ అని రాశాను. మా అమ్మాయి ఫారంలో అదే గడిని వదిలేసి మిగతావన్నీ ముందు నింపాను. ఈసారి వరసలోనే రాసేశాను.