విస్తరి ముందు కత్తి

పెళ్లయి, విశాఖ నుంచి స్టీమరులో రంగూను వచ్చిన కొత్త. ఒక మధ్యాహ్నం ఓడల్లో పనిచేసే మా మావగారు జావా కళాసీ ఒకణ్ని భోజనానికి తీసుకొచ్చి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లారు. నేను అన్నం వడ్డిస్తుంటే అతని అరచేతిలో చిన్న కత్తి మెరిసింది.

“ఓలమ్మో, కత్తి!” అని కేకపెట్టాను. పక్కింటి మగవాళ్లు వచ్చి, అతన్ని విస్తరి ముందు నుంచి లాగి కొట్టారు.

మావగారు పరుగెత్తుకొచ్చారు. “ఏటి పని సేసినావమ్మా! అది ఆళ్లమ్మ వరి కోసిన కత్తి. ఆళ్ల కొండపల్లెలో వరితల్లి బెదిరిపోద్దని, కత్తిని అరసేతిలో దాసి ఒక్కో వరి ఎన్నే కోత్తారంట. నాకు సూపిత్తానని తెచ్చినాడు!”

అతను మూతి నెత్తురు తుడుచుకున్నాడు. చెల్లాచెదురైన మెతుకులు ఒక్కొక్కటే ఏరి విస్తట్లో పెట్టి వెళ్లిపోయాడు.

వరి కూడా భయపడకూడదని కత్తి దాచుకునే ఊరి మనిషిని, నేను అన్నం ముందే కొట్టించాను.