బుట్టల బాబాయి హస్తవాసి

చెరువులో తాబేళ్ళ లెక్క తీసే ఆఫీసులో ఆయన్ని అందరూ బుట్టల బాబాయి అంటారు. తాబేళ్ళు పట్టడానికి ఆయన అల్లిన బుట్ట నీళ్ళలో దింపితే ఖాళీగా పైకి రావడమన్నది ముప్పై ఏళ్ళలో లేదు. "బాబాయి హస్తవాసి అలాంటిది" అనేవారు. ఆయన పైకి ఏమీ అనకపోయినా లోపల తెగ మురిసిపోయేవాడు. మురిసే హక్కున్న మనిషే మరి!

ఈసారి లెక్క మూడు వందలకు తగ్గిందా, చెరువు పూడ్చి రోడ్డు వేస్తారు. బాబాయి అరవై తాబేళ్ళను పట్టి, డిప్ప అంచున ఆకురాయితో చిన్న గాటు పెట్టి వదిలాడు. రెండు వారాలాగి మళ్ళీ బుట్టలు వేశాడు. పట్టినవాటిలో గాటువి ఎంత తక్కువుంటే చెరువులో తాబేళ్ళు అంత ఎక్కువ అని లెక్క. అరవై పడితే నలభై, అంటే మూడింట రెండు వంతులు, గాటువే.

"మొత్తం తొంభై, బాబాయ్. అంతే" అంది ఆఫీసరమ్మ తలెత్తకుండా.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఇంట్లో చెప్పాడు. సంగతంతా విన్న భార్య అడిగింది, "బుట్టలో ఎరగా ఏం పెట్టారు?"

"ఎప్పుడూ పెట్టేదే. చేప ముక్కలు."

"ఇంకేం! మా తమ్ముడు ప్రతి ఆదివారం మనింటికే ఎందుకొస్తాడు? మన ఇంట్లో తినేవాళ్ళని లెక్కపెట్టి, ఊరి జనాభా ఇంతే అంటే ఎవరైనా నమ్ముతారా?"

బాబాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ నలభై రుచి మరిగినవి! మిగతావి బురదలో వాటి మానాన అవి ఉన్నాయి. హస్తవాసి అనుకున్నది చేప ముక్కల మహిమ. ఈ మాట బయటపెడితే ముప్పై ఏళ్ళ పేరు గంగలో కలిసినట్టే. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

అయినా మర్నాడు ఆఫీసులో అందరి ముందూ చెప్పేశాడు. "తప్పు నాదేనమ్మా. నా ఎరకి అలవాటుపడ్డవే మళ్ళీ వచ్చాయి. బుట్టలొద్దు, ఎర లేకుండా వల లాగించండి."

"మరి ఇన్నేళ్ళ మీ లెక్కలు?"

"అవీ తప్పే అయ్యుంటాయి."

ఎంతమంది అనగలరు ఆ మాట!

వారం పాటు చెరువంతా వల లాగారు. నలభై ఎనిమిది పడ్డాయి. ఆఫీసరమ్మ ఒక్కో డిప్పా తిప్పి చూస్తుంటే, బాబాయి గట్టు మీద నిలబడి వేళ్ళ మీద గాట్లు లెక్కపెట్టుకున్నాడు. గాటువి ఎనిమిదే, ఆరింట ఒకటి. అంటే చెరువులో మొత్తం మూడు వందల అరవై.

అందరూ కేకలు పెట్టారు. ఆఫీసరమ్మ అక్కడే రిపోర్టు మొదలుపెట్టి, ఆయన మనసు నొప్పించకుండా "ఈసారి బుట్టలు వాడలేదు" అని రాసి చదివింది.

"ఎందుకు వాడలేదో కూడా రాయమ్మా," అన్నాడు బాబాయి, "నా పేరు పెట్టి మరీ రాయి. నా తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలిగా."