అక్కయ్యకు మిగలని చాప

నేను కాపురానికి వెళ్ళింది పంతొమ్మిది వందల ముప్ఫైల్లో, కొల్లేటి పక్క పల్లెకు. అప్పటికే తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులు ఆడుతున్నాయి. మా ఇంట్లో మాత్రం మిల్లు బియ్యం గుమ్మం తొక్కడానికి వీల్లేదు. మా బావగారు కసరత్తు మనిషి. కుర్రతనంలో ఏలూరు తాలింఖానాలో నేర్చిన దండీలు, బస్కీలు నలభై దాటినా మానలేదు. ఆ ఒంటికి దంపుడు బియ్యమే పడుతుందని ఆయన నమ్మకం. ఊళ్ళోవాళ్ళు ఆయన భుజాలు చూసి మురిసిపోయేవారు. ఆ బియ్యం దంచే భుజాలను చూసిన పాపాన ఎవరూ పోలేదు.

దంచేది ఆయన భార్య. నాకు తోడికోడలు, అక్కయ్యా అని పిలిచేదాన్ని. పుట్టింట్లో చిన్నపిల్లగా పట్టుకున్న రోకలిని ఆమె మళ్ళీ దించింది లేదు. నేను వచ్చాక ఒకే రోటి దగ్గర ఎదురెదురుగా నిలబడి, ఆమె పోటు తరువాత నా పోటు పడేలా దంచేవాళ్ళం. నా చేతులు బొబ్బలెక్కితే ఆమె నవ్వేది.

నెలకు మూడు రోజులు మాత్రం ఆమెకు సెలవు. దూరమైన ఆడది వసారా చివర చాప మీద కూర్చోవాలి. ఏదీ ముట్టకూడదు, రోకలితో సహా. నా వంతు వచ్చినప్పుడు ఆ మూడు రోజులూ నాకు చెడ్డ విసుగు. అక్కయ్య మాత్రం హాయిగా కాళ్ళు చాపుకుని పట్టపగలే నిద్రపోయేది.

నలభై నిండకుండానే ఆమెకు ముట్లుడిగాయి. చెరుగుతున్న చాట కింద పెట్టి నాతో చెప్పింది.

"వేసవి నుంచీ లేదే. ఎవరితోనూ అనకు."

పిల్లలు ఎదిగొచ్చారు. ఇంకా కనాలన్న కోరిక ఆమెకు లేదు. ఆ చాప పోతుందనే దిగులు. అందుకే నెల తిరిగేసరికి యథాప్రకారం వసారా చివరకు వెళ్ళి కూర్చునేది. నాకు నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. ఒంటరిగా దంచుతూ నోరు మూసుకున్నాను.

మైల బట్టలు పట్టుకెళ్ళే చాకలామె మంచిదే. ఆ మంచితనమే కొంప ముంచింది.

"పెద్ద కోడలుగారి బట్టలకి మరకే ఉండట్లేదండి అమ్మగారూ. ఒంట్లో బాగానే ఉందాండీ?" అని మా అత్తగారిని అడిగింది.

అత్తగారు పిలిచి అడిగితే అక్కయ్య అబద్ధం ఆడలేకపోయింది.

"ఆగిపోయిందండీ అత్తయ్యగారూ" అంది తల వంచుకుని.

తిట్లు పడతాయనుకున్నాను. అత్తగారు సంతోషించారు.

"పోన్లే, అదృష్టవంతురాలివి. ఇంక నీకు ఏ అడ్డూ లేదు. దేవుడి గది కూడా నువ్వే చూసుకో" అన్నారు.

తిట్టినా బాగుండేది.

ఇరుగుపొరుగుకు కాలక్షేపం దొరికింది. దంచీ దంచీ లోపల ఎండిపోయిందని కొందరు, ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి ఇంకా చాలా ఏళ్ళు ఉండాల్సింది కదా అని కొందరు. బావగారైతే, "కసరత్తు ఉన్న ఒంటికి అన్నీ పెందరాళే తేలిపోతాయి" అని మీసం దువ్వారు. అదే రోలు, అవే వడ్లు. నాకు యాభై దాటాకగాని ఆగలేదు. దేనివల్ల ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తరువాతి నెల నేను చాప మీద ఉన్నాను. పెరట్లో ఒంటి రోకలి చప్పుడు. లేచి సాయం వెళ్దామంటే నా చెయ్యి తగిలిన గింజ ఇంట్లోకి రాదు. చెవులు మూసుకుందామనిపించింది. ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. అక్కయ్య చెమట తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. అటూ ఇటూ చూడలేదు. తిన్నగా చాప మీద నా పక్కన కూర్చుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముట్టుకున్నాను. నాకూ మైలే" అంది. చిన్నపిల్లలా ఆశగా చూసింది నావైపు.

అత్తగారు గడపలోంచి చూశారు. కోప్పడలేదు.

"అదేం పనే! పోయి తలమీద నీళ్ళు పోసుకుని రా. ఆ వడ్లు ఇంకా ఒక వాయి ఉన్నాయి" అన్నారు.

అక్కయ్య నా చెయ్యి వదిలి నూతి దగ్గరకు వెళ్ళింది. చేద తరువాత చేద తోడుకుని, ఆగి ఆగి, ఎంతో సేపు పోసుకుంది.