కెమెరా లోపలి బొట్టు

మా ఇంట్లో యుద్ధానికెళ్ళొచ్చిన కెమెరాలు పదకొండున్నాయి. యుద్ధమంటే ఏమిటో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడకి తెలుసు, నన్ను చేసుకుంది కదా.

విజయనగరంలో ఓ జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. కాంతి పాఠం నాకు కొట్టిన పిండి. ఫొటో తియ్యమంటే మాత్రం ఎదుటివాళ్ళ తలలు ఎగిరిపోయేవి. ఇన్ని తలలు తీసినవాణ్ణి సైన్యంలోకి ఎందుకు రమ్మనలేదో ఇప్పటికీ అర్థం కాదు. మా వైపు పల్లెల్లో సైన్యంలో పనిచేసినవాళ్ళు వీధికొకరుంటారు. కొందరు సరిహద్దుకి కూడా కెమెరా పట్టుకెళ్ళారు. ఇంటికొచ్చాక అది ట్రంకుపెట్టె అడుక్కి చేరింది. ఫోన్లలోకి కెమెరాలు దూరిపోయిన ఆ రోజుల్లో వాటి మొహం చూసేవాడు లేడు. నేను ఆదివారం వెళ్ళేవాణ్ణి, ఇచ్చిన టీ తాగేవాణ్ణి, చెప్పిన కథ వినేవాణ్ణి. కథ అయ్యేసరికి, "మా పిల్లలకెందుకిది, నువ్వే ఉంచు మేస్టారూ" అనేవారు. అనకపోతే ఇంకో ఆదివారం, ఇంకో టీ.

అలాగే ఓ ఆదివారం ఆమదాలవలసలో రైలు దిగి, ఆటోలో అరగంట పోయి, ఒక రైతు ఇంటికి చేరాను. ఆయన అన్నగారు డెబ్భై ఒకటి యుద్ధంలో పోయాడు. కెమెరా వదినగారి దగ్గరుంది. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే, ఆ ఇంట్లోనే పొలం పనులు చేసుకుంటూ ఉండిపోయింది.

తోలు తొడుగులో రష్యా కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. లోపల రీలు అలాగే ఉంది. ఎన్ని ఫొటోలు తీశారో చెప్పే పైనున్న అంకెల చక్రం పద్నాలుగు దగ్గర ఆగింది. రీలు ఇంకా మిగిలుంది, మనిషే మిగల్లేదు.

"ఆకరి సెలవుకొచ్చినప్పుడు ఈ గుమ్మంలోనే నన్ను తీసినాడు" అంది. "మా మరిదిసేత ఆయన్నీ తీయించుకున్నాడు. అక్కడికెల్లి మిగతావి తీసి, అన్నీ ఒకపాలే కడిగించి పంపిత్తానన్నాడు. ఆయన రాలేదు, ఈ పెట్టి వచ్చినాది."

"ఇంకో ఫొటో ఏదీ లేదా అమ్మా?"

"ఒకటుండేది, సిన్నది. సెదలు తినీసినాయి. మొకం మరిసిపోతన్నాను బాబూ. మీసం గురుతున్నాది. సెవులు గురుతున్నాయి. అన్నీ కలిపితే మనిసి రాడం లేదు."

నేను తల దించుకుని లెన్సు తుడుస్తున్నాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నివ్వు నాకు ఆయన మొకం సూపించు. ఈ పెట్టి నీదే."

"తప్పకుండా అమ్మా" అనేశాను. నా జన్మలో సరిగ్గా, చెయ్యి వణక్కుండా నొక్కిన మీట అదొక్కటే. లోపల ఫిల్ము ఏ స్థితిలో ఉందో అడగలేదు. చల్లని చోట ఉంచారా, ఎవరైనా తెరిచారా, ఏమీ అడగలేదు. నాకు పన్నెండో కెమెరా కనిపిస్తోంది. దాని పక్కన మిగతావేవీ కనిపించలేదు.

లేచి సంచీ సర్దుకుంటుంటే, "ఉండుండు, ఊరు దాటతన్నాది, ఉత్తినే పంపకూడదు" అంటూ లోపలికెళ్ళి కుంకం భరిణె తెచ్చింది. కెమెరా తీసుకుని ఒక పక్కనున్న మీట పైకి లాగింది. ఎంత అలవాటైన చెయ్యంటే, నాకు కూడా అంత ఒడుపు లేదు. టక్కున వెనక తలుపు తెరుచుకుంది. మిట్టమధ్యాహ్నం ఎండ, నడి వాకిలి.

"అమ్మా! మూసెయ్యండి!" అని అరిచాను.

కుంకం వేలు గాల్లో ఆగింది. "ఏటైనాది? ఏటలాగ అరుత్తావు?"

తలుపు లోపలివైపు ఎర్రగా, పొర మీద పొర, గోటి మందాన కుంకం పేరుకుని ఉంది. "ఎప్పుడూ లోపలే పెడతారా అమ్మా?" అని అడిగాను.

"దసరాకి మా ఇంట నాగలికెడతారు, కొడవలికెడతారు. సిపాయి సామాను ఆయుదం కాదేటి? నాను పెడతానంటే మా అత్త ఒప్పలేదు. మొగుడు పోయినదానివి, నీ సేత్తో బొట్టేటే అన్నాది. నా బొట్టంటే తీసీసినారు. ఆయన పెట్టికి కూడా తీసీమంటే నానూరుకుంటానేటి? పైనెడితే అందరికీ కనపడతాది. లోపలెడితే ఎవులికీ తెలీదు. ఏటా ఎడతన్నాను. ఒక్క దసరా మానలేదు."

అరుగు మీదున్న మరిదికి కూడా ఈ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. ఆయన తువ్వాలు దులుపుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆవిడ తీరిగ్గా బొట్టు పెట్టి, తలుపు నొక్కి, నా చేతికిచ్చింది.

వెలుగు పడితే ఫిల్ము మీద బొమ్మ నల్లగా మాడిపోతుందని ముప్ఫయ్యేళ్ళుగా పిల్లలకి చెబుతూ వచ్చాను. ఆవిడకి మాత్రం చెప్పకుండా కెమెరా సంచీలో పెట్టుకున్నాను.

విజయనగరంలో ఫిల్ము కడగడం తెలిసినవాడు అప్పటికి ఒక్కడే మిగిలాడు. స్టూడియోలో సగం జెరాక్సు దుకాణమైపోయింది. పాతస్నేహం కొద్దీ మందులు కలిపి కడిగాడు. బయటికొచ్చి తడి రీలు ట్యూబులైటుకి ఎత్తిపట్టాడు.

"పున్నమి సూపించమని అమావాస్య తెచ్చేరు మేస్టారూ."

సగం రీలు కాటుకలా నలుపు. మిగతా సగం వాడకుండా మిగిలిపోయింది కాబట్టి గాజులా ఖాళీ.

తర్వాత మూడు ఆదివారాలు నేను ఇల్లు కదల్లేదు. మరిది ఫోన్ చేసేవాడు. "వదిన అడగతంది మేస్టారూ, అయిపోనాదా?" మందులో నానుతోందని ఒకసారి, ఆరుతోందని ఒకసారి చెప్పాను. నానుతున్నదీ నేనే, నోరు ఆరుతున్నదీ నాకే. "ఆ ముసలావిడకి ఎవరో ఒక సిపాయి ఫొటో ఇచ్చెయ్యండి, మీసం ఉంటే చాలదూ" అంది మా ఆవిడ, కూర తరుగుతూ. అని, తనే కత్తిపీట మీంచి తలెత్తి, "వద్దులెండి" అంది.

నాలుగో ఆదివారం వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. కెమెరా ముందు పెట్టి, దారిపొడవునా బట్టీ పట్టిన అబద్ధం అప్పజెప్పాను. "ఫిల్ము పాతబడిపోయిందమ్మా. ఇన్నేళ్ళకి దానంతటదే పాడైపోతుంది. ఎవరి తప్పూ లేదు."

ఆవిడ కెమెరా వెనక తలుపు వేలితో తడిమింది. తర్వాత, "ఆ రోజు నివ్వెందుకరిసేవు?" అంది.

నేను సంచీలో రీలు కోసం వెతకడం మొదలెట్టాను.

"సెప్పక్కర్లేదులే" అంది. కెమెరాని నా వైపు జరిపింది. "తీసుకెల్లు. మాటంటే మాటే."

"వద్దమ్మా. దసరాకి మీ దగ్గరే ఉండాలి."

ఆవిడ కెమెరాని ఒళ్ళో పెట్టుకుంది. రీలు ఇమ్మని చెయ్యి చాపింది. ఇచ్చాను. రెండు చేతులతో ఎండకెత్తి, కళ్ళు చికిలించి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసుకుంటూ వెళ్ళింది. నలుపంతా ఒకే నలుపు. గుమ్మమేదో, సరిహద్దేదో చెప్పగలిగినవాడు పుట్టలేదు.

"ఇందల ఆయనేది?"

తెలీదని చెప్పాలి. పాఠం ప్రకారమైతే అదే సరైన జవాబు. నా వేలు నా మాట వినకుండా ముందుకెళ్ళి ఓ నల్లగడి మీద ఆగింది.

"ఇదమ్మా."

ఆవిడ ఆ గడి పక్కన గోటితో చిన్న గాటు పెట్టింది.

"తిన్నగా నిలబడ్డాడా? కదలొద్దని మా మరిది మరీ మరీ సెప్పినాడు."

"తిన్నగానే నిలబడ్డాడమ్మా" అన్నాను.