అవ్వ బొటనవేలు, నా నాలుగు టైర్లు

కారు టైర్లు మార్చినంత మాత్రాన ఎవరి కాపురమూ కూలిపోదు. నాది మాత్రం కూలిపోయేదాకా వెళ్ళి, ఎనభై ఏళ్ళ ముసలావిడ బొటనవేలు అడ్డుపెడితే ఆగింది. ఆ ఘోరం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ వారానికోసారి నవ్వుకుంటూనే ఉన్నారు.

మాది హిందూపురం. బెంగళూరులో ఉద్యోగం, మడివాళలో అద్దె ఇల్లు. పెళ్ళయిన రెండో ఏడు ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. మామూలు కారు కాదండీ, ఎర్రటి స్పోర్ట్స్ సెడాన్. నేల మీద పాకుతోందా అన్నట్టు కిందికి ఉంటుంది. ఎక్కాలంటే నడుం వంచాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి. సిగ్నల్ దగ్గర ఆగితే పక్కనున్న స్కూటర్లవాళ్ళు తలతిప్పి చూసేవాళ్ళు. చూడనివాళ్ళ కోసం నేనే ఇంజన్ కాస్త గట్టిగా గుర్రుమనిపించేవాణ్ణి.

కారుకు పూజ చేయించిన రోజు తిరుపతి నుంచి తెచ్చిన వేంకటేశ్వరస్వామి స్టిక్కరు ఒకటి అంటించాలనుకున్నాను. మా ఆవిడ సుధ అద్దం దగ్గర అంటించమంది. నాకు నచ్చలేదు. డ్రైవరు తలుపు తీయగానే ఎదురయ్యే ఇనప కమ్మీ మీద ఏదో చిన్న చిన్న అక్షరాలతో తెల్లటి కాగితం ఒకటి అతికించి ఉంది, చూడ్డానికి అసహ్యంగా. దాన్ని సరిగ్గా కప్పేలా స్వామివారిని అంటించాను. రోజూ తలుపు తీయగానే దర్శనం అయిపోతుందని మురిసిపోయాను కూడా. ఈ స్టిక్కరు సంగతి మీరు కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ వారమే పెట్రోల్ బంకులో గాలి పట్టేవాడు ఎంత పెట్టాలని అడిగాడు. నేను అడిగి తెలుసుకునే రకం కాదు, చదివి తెలుసుకునే రకం. దిగి, టైరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని ఒంటి మీద పోతపోసిన అక్షరాలన్నీ చదివి, "యాభై ఒకటి" అన్నాను. వాడు ఒకసారి నా మొహం, ఒకసారి కారు చూసి, "కారుకేనా సార్?" అన్నాడు. టైరు చేసినవాడికంటే నీకెక్కువ తెలుసా అన్నట్టు చూశాను. వాడు పెట్టేశాడు. అప్పటినుంచి పదిహేను రోజులకోసారి నాలుగు చక్రాలకూ యాభై ఒకటి, తప్పకుండా, నైవేద్యం పెట్టినంత శ్రద్ధగా.

ఇప్పుడు రంగమ్మవ్వ. సుధకు అమ్మమ్మ. దొడ్డబళ్ళాపురంలో ఉంటుంది. సుధను పెంచింది ఆవిడే. పన్నెండో ఏట పట్టు మగ్గం దగ్గర కూర్చుని, అరవై ఏళ్ళు అక్కడినుంచి లేవలేదు. తాతకు మగ్గాల చప్పుడుకు చెవులు పోయాయి, అవ్వకు నడుం పోయింది. ఒకసారి ఆవిణ్ణి కంటి డాక్టరుకు చూపిద్దామని నా ఎర్ర కారులో ఎక్కించుకొచ్చాను. బెంగళూరు రోడ్ల మీద హంపులు ఎన్నున్నాయో మనకు తెలియదు, అవ్వకు తెలుసు, ఎందుకంటే ఒక్కోదానికీ ఒక్కో దేవుణ్ణి పిలిచింది. యలహంక దాటేసరికి దేవుళ్ళు అయిపోయి గ్రామదేవతలు మొదలయ్యారు. తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేదు. నొప్పుల నూనె రాయించుకుంటూ నాతో అన్న మాట ఒక్కటే: "నీ కారు బాగుండాదప్పా, చూసేకి."

ఆర్నెల్ల తర్వాత సుధకు సీమంతం పెట్టుకున్నాం. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. మొదటి గాజు ఇంటి పెద్ద ముత్తైదువ తొడగాలి. ఆవిణ్ణి మనవరాలి మొగుడు తనే వెళ్ళి, తన సొంత బండిలో తీసుకురావాలి. ఒకప్పుడు ఎద్దులబండి, మా మామగారి హయాంలో స్కూటరు. నా హయాంలో ఎర్ర కారు. సుధ మెత్తటి పెద్ద టాక్సీ ఒకటి పంపుతానని ఫోన్ చేస్తే అవ్వ ససేమిరా అంది. బాడుగ బండిలో శుభకార్యానికి రాదట. ఆ ఎర్ర దాంట్లో ఎక్కితే దిగాక గాజు తొడగడానికి చెయ్యి లేవదట. సుధ ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుని నాతో చాలా నెమ్మదిగా చెప్పింది.

"అవ్వ చెయ్యి పడకపోతే నాకు సీమంతమే వద్దు. మీ కారును ఏం చేసుకుంటారో చేసుకోండి."

సుధ అరిస్తే నాకు భయం లేదు. నెమ్మదిగా మాట్లాడితేనే భయం. అవ్వను మెత్తగా తీసుకొచ్చే పూచీ నాదని ఆ క్షణమే మాటిచ్చేశాను.

కారు కుదుపుకు కారణం టైర్లేనని నాకు నేనే తేల్చేసుకున్నాను. స్పోర్ట్స్ కార్ల టైర్లు పలచగా ఉంటాయి, అంచు నుంచి నేల దాకా రబ్బరు నాలుగు వేళ్ళ ఎత్తు కూడా ఉండదు, గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా మన వెన్నుకే తగులుతుంది. ఇదంతా ఇంటర్నెట్‌లో పది రోజులు చదివి సంపాదించిన జ్ఞానం. ఆఫీసులో నా పక్క సీటతను పెళ్ళిచూపుల ఫోటోలు చూస్తుంటే నేను టైర్ల ఫోటోలు చూసేవాణ్ణి. ఏ టైరు చప్పుడు చెయ్యదు, ఏది వానలో జారదు, ఏది మెత్తన, అంతా నోటికి వచ్చేసింది. టీ తాగడానికి పిలిచినవాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు పిలవడం మానేశారు.

మడివాళ మార్కెట్ వెనక మునిరాజు అని టైర్ల కొట్టాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆయన నా పాత టైర్ల మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పసిబిడ్డ వీపు నిమిరినట్టు చుట్టూ నిమిరాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. చేతితో టైరును చదివే మనిషిని అదే మొదటిసారి చూడటం.

"ఇంకా బాగుండాయి కదా సార్. ఎందుకు మార్చేది?"

"కుదుపు. కూర్చోలేకపోతున్నాం."

"గాలి ఎంత పెట్టినారు?"

ఆ ప్రశ్న వేస్తూ గాలి కొలిచే గేజి కోసం వెనక్కి చెయ్యి చాచాడు. నా సర్వనాశనం తప్పిపోవడానికి అంతకంటే మంచి ముహూర్తం లేదు. కానీ పది రోజులు చదివినవాణ్ణి, నన్ను పట్టుకుని గాలి గురించి అడుగుతాడా అని నాకు చిన్నతనమనిపించింది. గాలి సంగతి నేను చూసుకుంటాను, ముందు మెత్తటి టైర్లు చూపించండి అన్నాను. ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత గంటసేపు నా పాండిత్యమంతా ఓపిగ్గా విని, కాస్త ఎత్తయిన, మెత్తటి పక్కలున్న రకం ఎంచాడు. మూలలు తిరిగేటప్పుడు మునుపటి బిగువు ఉండదని ముందే చెప్పాడు. పాతవి ఆయనకే వదిలేసి, కొత్తవి వేయించుకుని బయటపడ్డాను.

అయ్యా, ఆ రెండు కిలోమీటర్ల గురించి ఏమని చెప్పను? హంపు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరిగి చూసి నిర్ధారించుకున్నాను. మెట్రో పనుల కోసం తవ్వి పూడ్చిన చోట కూడా కారు నెమ్మదిగా ఊగి సర్దుకుంది. నా కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. మనిషి తలుచుకుంటే, చదువుకుంటే, ఇంత సాధించగలడా అని నా మీద నాకే భక్తి పుట్టింది. పక్కకు ఆపి సుధకు ఫోన్ చేశాను. అవ్వ ఇందులో నిద్రపోకపోతే కారు అమ్మేస్తానని చెప్పాను. సుధ అవ్వకు చెప్పింది. నా మాట మీద కాదు, సుధ మాట మీద అవ్వ ఒప్పుకుంది.

అంతటితో ఇంటికి పోవచ్చు కదా. పోలేదు. కొత్త టైర్లు కదా, గాలి చూపిద్దామని బంకులోకి తిప్పాను. ముప్పై మూడు ఉందన్నాడు. నాకు ఒళ్ళు మండింది. టైర్లకు పూర్తి డబ్బులు తీసుకుని గాలి సగం పెట్టి పంపుతాడా మునిరాజు? వంగి కొత్త టైరు చదివాను. యాభై ఒకటే.

"నాలుగింటికీ యాభై ఒకటి పెట్టు."

బంకువాడు అదే మనిషి. ఈసారి ఏమీ అడగలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో కాస్త కుదిపినట్టు అనిపించింది. ఆ వైపు రోడ్డు బాగోలేదు కాబోలు అనుకున్నాను. మర్నాడు అన్ని వైపులా రోడ్డు బాగోలేదు. కొత్త చెప్పులు మొదట్లో కరుస్తాయి కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటాయని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. సుధకు మాత్రం చెప్పలేదు. సీమంతం రోజు, శుక్రవారం పొద్దున దొడ్డబళ్ళాపురం వెళ్తుంటే దారిపొడుగునా నా పళ్ళు టకటకలాడాయి. వక్కపలుకు నోట్లో వేసుకుని ఉంటే నమలకుండానే పొడి అయ్యేది. ఇదే దారిలో అవ్వను వెనక్కి తీసుకురావాలి. ఇంట్లో అప్పటికే పేరంటాళ్ళు వచ్చేస్తుంటారు.

అవ్వ పట్టుచీర కట్టుకుని, గాజుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉంది. నేను తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ ఎక్కలేదు. కర్ర ఊతతో కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ముందు చక్రం దగ్గర ఆగి, కష్టపడి వంగి, టైరు పక్కను బొటనవేలితో ఒత్తింది. మళ్ళీ ఒత్తింది. మగ్గం మీద పడుగు బిగువు చూసే చెయ్యి అది.

"ఏమప్పా, ఇంత బిగించినావు?"

"టైరు మీదే రాసుందవ్వా, అంత పెట్టమని."

"అంత పెట్టమని రాసిండారా, అంతకు మించి పెట్టొద్దని రాసిండారా?"

నేను వంగి చదివాను. ఏడాదిన్నరగా చదువుతున్న అక్షరాలే. అంకె ముందు ఇంకో మాట ఉంది, మాక్సిమమ్ అని. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇచ్చేదేదో పూర్తిగా ఇస్తే మంచిదే కదా అనుకునేవాణ్ణి.

"మగ్గానికీ ఒక హద్దు ఉంటాదప్పా," అంది అవ్వ. "అది దాటితే పోగు తెగుతాది. అట్లాగని హద్దు దాకా బిగించి ఎవురన్నా నేస్తారా?"

అవ్వ నన్ను వదిలేసి, బయల్దేరే ముందు దణ్ణం పెట్టుకుందామని నేను దిగి తెరిచే ఉంచిన డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చింది. స్వామి ఇంత మూలకు ఎందుకు నక్కి ఉన్నాడని అడిగి, కళ్ళకద్దుకోబోతూ ఎండకు లేచిన స్టిక్కరు అంచును వేలితో సర్దబోయింది. అంచు ఇంకాస్త లేచింది. కింద ఏముందో చూసి నన్ను పిలిచింది.

"ఈడ చక్రం బొమ్మ ఉండాది చూడు."

చక్రం బొమ్మ. దాని పక్కన అంకె. ముప్పై మూడు. కారు చేసినవాడు నా కోసమే, నా ఎదురుగానే, తలుపు తీయగానే కనబడేలా రాసిపెట్టాడు. ఏడాదిన్నరగా రోజూ నేను దానికే దణ్ణం పెడుతున్నాను.

అవ్వ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కొప్పులోంచి పిన్ను తీసి నా చేతికిచ్చి, గాలి వదలమంది. నేను టైరు మూత తీసి పిన్నుతో నొక్కుతుంటే గాలి బుసకొట్టింది. ఆవిడ బొటనవేలు టైరు మీదే పెట్టి, కళ్ళు సగం మూసుకుని నిలబడింది. కాసేపటికి "సాకు" అంది. చాలు అని. అలా నాలుగు చక్రాలకూ.

ఊరి చివర బంకులో నేను ఆగి కొలిపించాను. అనుమానంతో కాదండీ, భయంతో. ముప్పై మూడు. ముప్పై నాలుగు. ముప్పై మూడు. ముప్పై మూడు. బంకువాడు గేజి తట్టి మళ్ళీ చూశాడు. నేను వెనక్కి తిరిగి అవ్వను చూశాను. అంతవరకు నేను గొప్పవాళ్ళని అనుకున్నవాళ్ళందరూ ఒక్కసారిగా చిన్నవాళ్ళైపోయారు. ఆవిడ మాత్రం గాజులు పగల్లేదు కదా అని పెట్టె తెరిచి చూసుకుంటోంది.

యలహంక రాకముందే అవ్వ నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. అంత తియ్యటి సంగీతం నేను మళ్ళీ వినలేదు. మడివాళలో కారు దిగి, ఎవరి చెయ్యీ అందుకోకుండా మెట్లెక్కి, సుధ చేతికి మొదటి పచ్చగాజు తొడిగింది. చెయ్యి తేలిగ్గా లేచింది. సుధ ఏడుస్తూ నవ్వింది. నేను తలుపు వెనక నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఎందుకు తుడుచుకున్నానో ఎవరూ అడగలేదు, అప్పటికే అవ్వ టైరు కథ సగం చెప్పేసింది.

సోమవారం మునిరాజుకు క్షమాపణ చెబుదామని వెళ్ళాను. మనసులో ఆయన గాలి మీద నేను వేసిన నింద అలాంటిది. ఆయన మొత్తం విని, తన పాత కారులో టీ తాగొద్దాం రమ్మన్నాడు. ఎక్కాను. హంపు వచ్చింది, వెళ్ళిపోయింది. గుంత వచ్చింది, తెలియలేదు. ఇంత మెత్తటి టైర్లు ఏ కంపెనీవి, నా పది రోజుల చదువులో ఎక్కడా తగల్లేదే అని అడిగాను.

"మీవే సార్," అన్నాడు మునిరాజు. "మొన్న మీరు వదిలిపోయినవి. గాలి దించి వేసుకున్నా."

కాబట్టి, ఈ సభాముఖంగా, కుడిచెయ్యి కొత్త టైరు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేవుణ్ణైనా ఎక్కడైనా అంటించే ముందు, ఆ చోట అప్పటికే ఏం రాసి ఉందో పూర్తిగా చదువుతాను. చదివింది అర్థమైందని అనిపిస్తే, వెంటనే దొడ్డబళ్ళాపురానికి ఫోన్ చేస్తాను.