నా టైలరింగ్ యాడ్ ఏ ఊరికి పోయిందంటే

నవ్వనని ముందు మాటియ్యండి, అప్పుడు చెప్తా. పోయిన వారం ఓ ఊరంతా నా గురించే అడిగింది. కాకపోతే ఆ ఊరు నేను జన్మల చూళ్లే!

బూర్గంపాడుల నా టైలరింగ్ సెంటర్ మీకెరికే. కొత్త బ్యాచ్‌కి పదిమందన్న రాకుంటే కిరాయి మిషన్లు వాపస్ పంపాలె. పేపర్ల యాడ్ ఇద్దామంటే మా ఆయన, "ఇంకా ఏజెంట్ల చుట్టు తిరుగుడేంది? ఇంటర్నెట్ల యాడ్లేసే కంపెనీలు ఇప్పుడు పేపర్లల్ల గూడ ఏస్తున్నయంట. కూసున్న కాడనే అయిపోతది" అన్నడు.

నెట్ సెంటర్‌కి పోయిన. ఫారమంతా ఇంగ్లీషే. లేడీస్ టైలరింగ్ నేర్పుతమని కొట్టి, సెల్ నంబరిచ్చిన. మన దిక్కు పేపరే గదా, అడ్రస్ ఎందుకని వదిలేసిన. ఏ ఊరని అడిగితే భద్రాచలం కోసం బి, హెచ్, ఏ, డి కొట్టిన్నో లేదో, మిగతాది అదే నింపుకుంది. అబ్బ, ఎంత తెలివి అని మురిసిపోయి ఓకే నొక్కిన!

ఆదివారం చర్చిల అందరికీ చెప్పిన, "రేపు పేపర్ చూడండి" అని. సోమవారం పొద్దుగాల పేజీలన్నీ తిప్పిన. అందరి యాడ్లున్నయి, నాది లేదు! అంతల ఫోన్.

"మేడం, ఎల్లిద్దీరా?" ఎవరో ఆడామె.

"ఏడికి ఎల్లలేదమ్మా, ఇంట్లనే ఉన్న!"

"ఎల్లి? ఎల్లి?"

"ఎల్లను తల్లీ, చెప్తున్న గదా!"

గిట్ల తొమ్మిది ఫోన్లు. అందరికీ నేను ఎల్లుడే కావాలె! పదో ఆమెకు తెలుగొచ్చు.

"అక్కా, కన్నడంలో ఎల్లి అంటే ఎక్కడ అని. మీ సెంటర్ మా భద్రావతిలో ఏ వీధండీ?"

"భద్రావతా? అదేడుంది?"

"కర్ణాటకలో అక్కా."

అంటే నేను నాలుగు అక్షరాలు కొడితే అది నింపుకున్నది భద్రాచలం గాదు, భద్రావతి! అప్పుడే పాస్టరమ్మ వచ్చి "యాడ్ ఏదమ్మా?" అన్నది. ఏం దాస్త? మొత్తం చెప్పిన. ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. పొద్దుగూకే వరకు ఊరంతా పాకింది. "ఏదీ, ఆ ఎల్లి ముచ్చట మళ్ల చెప్పు" అనుకుంట వచ్చినోళ్లు మిషన్లు చూసిండ్రు, బిడ్డల పేర్లు రాయించిండ్రు. పద్నాలుగు మంది! పాస్టరమ్మ బిడ్డే మొదటి పేరు.

మొన్న మొదటి క్లాసు. గొంతు సవరించుకొని, "కత్తెర పెట్టే ముందు మార్కింగ్ రెండుసార్లు చూస్కోవాలె" అన్న.

పాస్టరమ్మ బిడ్డ చెయ్యెత్తింది. "ఊరి పేరు గూడనా మేడం?"

"అవ్ బిడ్డా, అదే మొదాలు రాస్కో" అన్న.